కోరీల మీసాలు, రొయ్యల చావు: ముందు నీళ్లు చూడండి

మీ అక్వేరియం ట్యాంకు పెట్టి పది రోజులే, చెర్రీ రొయ్యలు ఒక్కొక్కటిగా చనిపోతున్నాయి, గులకరాళ్ల మీద తిరిగే కోరీడోరస్ (కోరీలు, అడుగున మేత ఏరుకునే చిన్న చేపలు) మీసాలు పొట్టిగా అవుతున్నాయి అని మీరు అడిగారు. దయచేసి మందులేవీ వేయకండి, రాగి ఉన్నవైతే రొయ్యలకు విషమే.

నీళ్లు టెస్ట్ చేయండి. చేపల వ్యర్థాల వల్ల చేరే విషాలు, అమ్మోనియా, నైట్రైట్, రెండూ సున్నా ఉండాలి. కొత్త ఫిల్టర్‌లో వీటిని తొలగించే బ్యాక్టీరియా కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అప్పటిదాకా మేత తగ్గించి, రోజూ పావు వంతు నీళ్లు, క్లోరిన్ తీసేసినవి, మార్చండి.

కోరీలు ఇసుకను నోట్లోకి తీసుకుని మొప్పల్లోంచి వదిలేస్తూ మేత ఏరుకుంటాయి. పదునైన రాళ్లలో పాపం అది కుదరదు. సన్నటి ఇసుక వేయండి. అడుగున మురికి పేరుకోకపోతే మీసాలు చాలావరకు మళ్లీ పెరుగుతాయి, టెన్షన్ వద్దు.

అనూబియాస్ అనే నీటి మొక్క దుంపను మాత్రం పాతిపెట్టకండి, కుళ్లుతుంది. కర్రకు దారంతో కట్టండి. రొయ్యలు మళ్లీ తెచ్చేది ట్యాంకులో నాచు మొక్క (మాస్) బాగా అల్లుకున్నాకే.