చివరి వరుస పిల్లల్ని ముందు చూడు

తల్లీ,

విద్యా సంస్కరణల బృందంలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా గర్వంగా ఉంది. టెన్షన్‌గానూ ఉంది, అందుకే వెంటనే రాస్తున్నాను.

బడులకు స్వయంగా వెళ్లు. టీచర్లు చెప్పేది రాసుకో. బడ్జెట్ కాగితాలు చదవడం నేర్చుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

తొందర గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. 1985 నుంచి నాలుగేళ్లపాటు అమెరికాలోని టెనెసీ రాష్ట్రం కింది తరగతుల్లో గదికి 13 నుంచి 17 మందినే కూర్చోబెట్టి చూసింది. ఎవరు ఏ గదిలో ఉండాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. పిల్లలు బాగా నేర్చుకున్నారు, పేద పిల్లలు ఇంకా బాగా. అలాంటి ఫలితాలు చూసి 1996లో కాలిఫోర్నియా కూడా కింది తరగతుల్లో 30 దాకా ఉన్న సంఖ్యను 20కి దించితే బడులకు డబ్బిస్తానంది. రాష్ట్రమంతా, దాదాపు ఒకేసారి. ఒక్కసారిగా వేలమంది టీచర్లు కావాల్సి వచ్చింది. శిక్షణ పొందినవాళ్లు అంతమంది ఎక్కడున్నారు? కలిగినవాళ్ల బడుల్లో ఖాళీలు పడగానే పేదల బడుల్లోని అనుభవజ్ఞులు కొందరు అటు వెళ్లిపోయారు. వాళ్ల చోట్లోకి పూర్తి అర్హత లేని కొత్తవాళ్లు వచ్చారు. ఎక్కువ మేలు జరగాల్సిన పేద పిల్లలకే ఆ లాభంలో కొంత చేజారింది. ఆలోచన మంచిదే తల్లీ, దాన్ని మోసే మనుషుల్ని ముందు సిద్ధం చేసుకోలేదు. 'వచ్చే ఏడాది నుంచే అన్నిచోట్లా' అని మీ మీటింగులో ఎవరైనా అంటే, టీచర్లు ఏరని అడుగు. అందరూ మెచ్చుకుంటున్నారని నోరు మూసుకుని కూర్చున్నావో, నేను ఊరుకోను!

మెచ్చుకుంటే నువ్వు కరిగిపోతావు, చిన్నప్పటి నుంచీ అంతే. అదే నా భయం.

నా క్లాసులో ఒక కుర్రాడుండేవాడు, ఎనిమిదో తరగతి. బోర్డు మీదది ఒక్క తప్పు లేకుండా ఎక్కించుకునేవాడు. ఆ నోట్సే చదవమంటే తల దించుకునేవాడు. అలాంటి పిల్లలకు పదహారేళ్లు వచ్చాక వృత్తి శిక్షణ కోర్సులు పెడితే అందులోని పుస్తకం ఎవరు చదివిపెడతారు? యువత ఉద్యోగాల గురించి మీరు ఎంత మాట్లాడినా, అది చదవడం, లెక్కలు చేయడం దగ్గరే మొదలవుతుంది. 'ప్రథమ్' అనే స్వచ్ఛంద సంస్థ చేసినట్టు, రోజులో కొంతసేపైనా వయసును పక్కనపెట్టి ఎంత వచ్చో దాన్నిబట్టి పిల్లల్ని గుంపులు చేసి నేర్పండి. పెద్ద ఖర్చు లేదు, ఫలితం ఉంది. కానీ సిలబస్ పూర్తి చేయాలన్న ఒత్తిడి టీచర్ మీద నుంచి తీయకపోతే అదీ నడవదు.

పాస్ శాతానికి శిక్షలూ బహుమతులూ ముడిపెట్టొద్దు. షికాగోలో అలాంటి నిబంధనలు వచ్చాక పాస్ గీతకు దగ్గరున్న పిల్లల మార్కులే ఎక్కువగా పెరిగాయి, అట్టడుగువాళ్లకు దాదాపు ఏమీ దక్కలేదు.

వేళకు తిను. అలిసిపోతే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే. మొదటి ఏడాది లెక్కలు రాగానే నాకు పంపు. ఎంతమంది బడి మానేశారు, వాళ్లెవరు అన్నది ముందు పంపు, మార్కులు తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ