ఆర్‌టీకే చేస్తూనే స్టాటిక్ డేటా రాబట్టుకో

తమ్ముడికి ఆశీస్సులు.

ఆర్‌టీకే సర్వే మొదలుపెడుతున్నావని విన్నాను. అంటే ఒకచోట నిలబెట్టిన జీపీఎస్ రిసీవర్ (బేస్) రేడియోలో పంపే సవరణలతో, చేతిలో తిప్పే రిసీవర్ (రోవర్) అక్కడికక్కడే స్థానం చెప్పే పద్ధతి. రోవర్ పట్టుకుని పాయింట్లు తీయడం నాలుగు రోజుల్లో చేతికి వచ్చేస్తుంది. నేను చెప్పదలచుకున్నది బేస్ గురించి.

రోవర్ కొలిచేది బేస్ నుంచి తానెంత దూరంలో, ఏ దిశలో ఉందన్నది మాత్రమే. బేస్ కోఆర్డినేట్ ఎంత తప్పితే, ఆ రోజు తీసిన పాయింట్లన్నీ అంతే తప్పుతాయి. దగ్గర్లో కంట్రోల్ పాయింట్ (కోఆర్డినేట్ ముందే తెలిసిన గుర్తు) లేకపోతే బేస్ తనంతట తాను పట్టిన స్థానంతోనే పని మొదలుపెడతాం. అందులో రెండు మూడు మీటర్ల తేడా మామూలే, ఎత్తులో ఇంకా ఎక్కువ ఉండొచ్చు. అయినా కంట్రోలర్ మీద ఫిక్స్ (స్థానం కచ్చితంగా కుదిరింది), 1.5 సెంటీమీటర్లు అని కనిపిస్తూనే ఉంటుంది. ఆ అంకెను నమ్మి మోసపోకు, అది బేస్‌కీ రోవర్‌కీ మధ్య లెక్క. బేస్ ఎలాగూ గంటల తరబడి కదలకుండా ఉంటుంది కాబట్టి అదే సమయంలో దాని రా డేటా (ఉపగ్రహాల నుంచి అందిన ముడి కొలతలు) రికార్డు చేసుకో, స్టాటిక్ డేటా అంటే ఇదే. తర్వాత ప్రాసెస్ చేస్తే అసలు స్థానం తేలుతుంది, పాయింట్లన్నిటినీ ఒక్కసారే జరుపుకోవచ్చు.

చాలా రిసీవర్లలో కరెక్షన్లు పంపడం వేరు, లాగింగ్ (డేటా రికార్డు చేయడం) వేరు. రేడియో మొదలైనంత మాత్రాన ఫైలు తయారవుతోందని అనుకోవద్దు. లాగింగ్ ఆన్ చేశాక రెండు నిమిషాలు ఆగి, ఫైలు సైజు పెరుగుతోందో లేదో చూసి అప్పుడు కదులు. మెమరీలో ఖాళీ ఎంతుందో ముందురోజే చూసుకో.

ఇంటర్వల్ (ఎన్ని సెకన్లకోసారి రికార్డు చేయాలన్నది) బేస్ స్థానం కోసమే అయితే 15 లేదా 30 సెకన్లు చాలు. రేడియో అందని చోట రోవర్ డేటాను కూడా తర్వాత ప్రాసెస్ చేయాలనుకుంటే రెండింటిలోనూ 1 సెకను పెట్టు. ఎక్కువ డేటాను తర్వాత పలచన చేసుకోవచ్చు, లేనిదాన్ని పుట్టించలేం. 7 సెకన్ల లాంటి అంకెలు పెట్టకు, 30ని నిశ్శేషంగా భాగించేదే ఉండాలి.

ఎంతసేపు? తెలిసిన స్టేషన్‌తో బేస్‌లైన్ (దాని నుంచి నీ బేస్‌కు దూరం, దిశ) కడుతుంటే, రెండు ఫ్రీక్వెన్సీల రిసీవర్‌కు 20 నిమిషాలు, ఆపైన కిలోమీటరుకు 2 నిమిషాల చొప్పున అన్నది పనికొచ్చే లెక్క. పీపీపీ పద్ధతికి (కచ్చితమైన ఉపగ్రహ కక్ష్యల లెక్కలతో ఒక్క రిసీవర్ డేటా నుంచే స్థానం తేల్చేది) పంపేటట్టయితే కనీసం 2 గంటలు, వీలైతే 4 దాటించు. అందుకే సైట్‌లో ముందు నిలబెట్టేదీ చివర విప్పేదీ బేసే కావాలి.

యాంటెన్నా ఎత్తు దగ్గరే ఎక్కువ పనులు చెడతాయి. టేపుతో వాలుగా కొలిచి 1.650 వచ్చిందనుకో. యాంటెన్నా అంచు మధ్య నుంచి 17 సెంటీమీటర్ల దూరంలో ఉంటే నిలువు ఎత్తు 1.641 మాత్రమే. ఆ 9 మిల్లీమీటర్లూ ప్రతి పాయింటు ఎత్తులోకీ నేరుగా వెళ్తాయి. అంచు నుంచి యాంటెన్నా అడుగుకు ఉన్న తేడా కూడా మరిచిపోతే తప్పు సెంటీమీటర్లలోకి పోతుంది. మూడు వైపుల నుంచి కొలువు, పని మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. వాలుగానా నిలువుగానా, ఏ గుర్తు దాకా కొలిచావు, యాంటెన్నా మోడల్ పూర్తి పేరేమిటి అన్నవన్నీ ఫీల్డ్ బుక్‌లో రాయి. మొదటి కొలతకూ చివరి కొలతకూ తేడా వచ్చిందంటే ట్రైపాడ్ కాలు దిగిందన్నమాట.

బ్యాటరీ సంగతి జాగ్రత్త. రేడియో కరెంటు బాగా తాగుతుంది కాబట్టి దానికి వేరే బ్యాటరీ ఇవ్వు. మధ్యలో బేస్ ఆగిపోతే ఫైలు తెగిపోవడం ఒక్కటే నష్టం కాదు. తిరిగి ఆన్ చేసి మళ్లీ దాన్నే స్థానం పట్టుకోనిస్తే కోఆర్డినేట్ మారిపోతుంది, ఉదయం పాయింట్లు ఒకచోట, మధ్యాహ్నం పాయింట్లు ఇంకోచోట పడతాయి. ఉదయం పెట్టిన కోఆర్డినేట్‌నే చేత్తో ఎక్కించు, తెలిసిన పాయింటు ఒకటి మళ్లీ తీసి సరిచూడు, ఆ తర్వాతే ముందుకు పో.

ముఖ్యమైన పాయింట్ల మీద రోవర్‌ను బైపాడ్‌తో నిలబెట్టి 15, 20 నిమిషాలు లాగ్ చేయి. ఆర్‌టీకే ఫిక్స్ తప్పుడుదైతే అక్కడ బయటపడుతుంది. చేత్తో పట్టుకున్న పోల్ స్టాటిక్‌కు పనికిరాదు.

ఆ సాయంత్రమే ఫైలు దింపి రైనెక్స్‌లోకి (వేర్వేరు కంపెనీల రిసీవర్లకు ఉమ్మడి ఫైలు రూపం) మార్చి, మొదలైన సమయం, ముగిసిన సమయం, యాంటెన్నా పేరు, ఎత్తు సరిచూడు. అందులో ఉండేది జీపీఎస్ సమయం, మీ గడియారం సమయం కాదు. ప్రాసెసింగ్‌కు తొందర లేకపోతే ఫైనల్ ఆర్బిట్ల (ఉపగ్రహ కక్ష్యల తుది లెక్కలు) కోసం రెండు వారాలు ఆగు, మరుసటి రోజుకు వచ్చే ర్యాపిడ్ ఆర్బిట్లు కూడా చాలా పనులకు సరిపోతాయి. పీపీపీ ఫలితం సాధారణంగా ఐటీఆర్‌ఎఫ్‌ అనే అంతర్జాతీయ కోఆర్డినేట్ వ్యవస్థలో, కొలిచిన రోజు స్థానంగా వస్తుంది. నీ ప్రాజెక్టు వేరే డేటమ్‌లో (కోఆర్డినేట్లకు ఆధారమైన వ్యవస్థ) ఉంటే ముందు దానిలోకి మార్చి, ఆ తర్వాతే పాయింట్లను జరుపు. వచ్చే ఎత్తు ఎలిప్సాయిడ్ (లెక్కల కోసం భూమికి ఇచ్చిన నున్నటి ఆకారం) మీది. సముద్ర మట్టం ఎత్తు కావాలంటే జియాయిడ్ మోడల్ (ఆ ఆకారానికీ సముద్ర మట్టానికీ మధ్య తేడా చెప్పేది) వాడాలి. జరపని అసలు ఫైలును విడిగా ఉంచి, తూర్పుకు, ఉత్తరానికి, ఎత్తుకు ఎంతెంత జరిపావో దాని పక్కనే రాసిపెట్టు.

ఇట్లు,
మీ అన్నయ్య