అమ్మకు డిప్రెషన్ ఉంటే పిల్లలకూ వస్తుందా?

రావాలనేం లేదు, రిస్క్ కొంత పెరుగుతుందంతే. ఒకే డీఎన్‌ఏ ఉన్న కవలల్లో ఒకరికి డిప్రెషన్ వచ్చి, రెండోవారు మామూలుగా ఉండటం కొత్తేమీ కాదు.

అంటే జన్యువులే అన్నీ తేల్చవు, పెంపకం లాంటివీ కలుస్తాయి. మరి పెంపకం ప్రభావం జన్యువు దాకా ఎలా వెళ్తుంది? 2004లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీవాళ్లు ఎలుకల్లో చూపించారు. పుట్టిన మొదటి వారంలో తల్లి బాగా నాకి సాకిన పిల్లల మెదడులో, స్ట్రెస్ హార్మోన్‌ను పసిగట్టే రిసెప్టర్ జన్యువు మీద మిథైల్ గుర్తులు (జన్యువుకు అతుక్కుని దాని పని తగ్గించే చిన్న రసాయన గుర్తులు) తక్కువ. దాంతో రిసెప్టర్లు ఎక్కువ తయారై టెన్షన్ త్వరగా దిగిపోతుంది. అంతగా నాకని తల్లికి పుట్టిన పిల్లలను బాగా నాకే తల్లి దగ్గర పెంచినా ఇదే ఫలితం! డీఎన్‌ఏలో అక్షరం మారలేదు. ఆ జన్యువు ఎంత పనిచేస్తుందన్నదే మారింది.

మనుషుల్లో ఇంత సూటిగా ఉండదు. ఎన్నో జన్యువులు తలా ఓ చెయ్యి వేస్తాయి.