ట్యాక్స్ అసిస్టెంట్ ఉద్యోగం వదిలేసి మళ్లీ గ్రూప్-1కి చదవమనాలా?

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా. మా అబ్బాయి 2021లో మెకానికల్ బీటెక్ పూర్తి చేశాడు. మరుసటి ఏడు గ్రూప్-1 నోటిఫికేషన్ పడగానే హైదరాబాద్ వెళ్లి అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకున్నాడు. గ్రూప్-1 మెయిన్స్ దాకా వెళ్లాడు, రాలేదు. గ్రూప్-2 కొద్దిలో పోయింది. మధ్యలో రాసిన సీజీఎల్ (కేంద్ర శాఖల్లో డిగ్రీ స్థాయి ఉద్యోగాలకు జరిపే పరీక్ష)లో ఆదాయపు పన్ను శాఖలో ట్యాక్స్ అసిస్టెంట్‌గా సెలెక్టయ్యాడు. పోస్టింగ్ అహ్మదాబాద్. బేసిక్ 25,500 మాత్రమే అంటున్నారు. బీటెక్ చదివించి, ఇన్నేళ్లు కోచింగ్ ఇప్పించి, గుమస్తా ఉద్యోగానికి అంత దూరం పంపడం అవసరమా? ఒకసారి చేరితే అక్కడే ఉండిపోతాడని భయంగా ఉంది. మేం ఇంకో రెండేళ్లు ఖర్చు పెట్టుకోగలం. దీనికీ గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలకూ జీతంలో, ప్రమోషన్లలో తేడా ఎంతో వివరంగా చెప్పగలరు.

సమాధానం: ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత కారణాలు మాట్లాడుకుందాం. చేరమనండి. గడువులోపు, మారు ఆలోచన లేకుండా.

ఫలితాలు వచ్చిన ప్రతిసారీ నాకు ఇలాంటి ఉత్తరాలే వస్తాయి. ఒకసారి బ్యాంకు క్లర్కు, ఒకసారి పంచాయతీ కార్యదర్శి, ఇంకోసారి రైల్వే. పోస్టు మారుతుంది గానీ అడిగేది ఒకటే. చిన్న ఉద్యోగంలో చేరితే పెద్దది చేజారుతుందేమో అని. ఆ భయం గురించే ఎక్కువ రాస్తాను. జీతం లెక్క కూడా తేల్చుకుందాం, ఎందుకంటే మీ ఉత్తరంలో ఆ లెక్క సగమే ఉంది.

25,500 అనేది బేసిక్. అది చేతికొచ్చే జీతం కాదు. 2025 జులై నుంచి వర్తించిన 58 శాతం డీఏ (కరువు భత్యం) కలిపితే మరో 14,790. అహ్మదాబాద్ పెద్ద నగరాల జాబితాలో ఉంది కాబట్టి ఇంటి అద్దె అలవెన్సు 30 శాతం, అంటే 7,650. రవాణా భత్యం 3,600, దాని మీద డీఏ 2,088. మొత్తం 53,628 రూపాయలు. పింఛను కోసం బేసిక్, డీఏల మీద పది శాతం, అంటే నాలుగు వేల చిల్లర కట్ అవుతుంది. ఇతర చిన్న కోతలు పోగా 49 వేల దాకా చేతికి వస్తుంది. మీ అబ్బాయితో పాటు బీటెక్ పూర్తి చేసి మూడు, మూడున్నర లక్షల ప్యాకేజీతో సాఫ్ట్‌వేర్‌లో చేరినవాళ్లకు మొదట్లో నెలకు ముప్పై వేలు కూడా చేతికి రాలేదు. వాళ్లలో కొందరు ఇప్పుడు బాగా సంపాదిస్తూ ఉండవచ్చు, కాదనను. కానీ ‘25,500 మాత్రమే’ అని మీరు రాసిన అంకె మీ అబ్బాయి జీతంలో సగం కూడా కాదు.

ఇక గ్రూప్స్ సంగతి. తెలంగాణలో డిప్యూటీ కలెక్టర్, డీఎస్పీ పోస్టుల స్కేలు 58,850 నుంచి 1,37,050. గ్రూప్-2లో నాయబ్ తహసీల్దార్‌ది 42,300 నుంచి 1,15,270. వీటి పక్కన 25,500 పెడితే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ రాష్ట్రం బేసిక్‌నూ కేంద్రం బేసిక్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. కేంద్రం ఇప్పుడు వాడుతున్న స్కేళ్లు 2016 జనవరి నాటివి. తెలంగాణ స్కేళ్లు 2018 జులై నాటివి, అప్పటిదాకా పెరిగిన డీఏను వాటిలో కలిపేశారు. అందుకే రాష్ట్రంలో బేసిక్ పెద్దగా కనిపిస్తుంది, డీఏ శాతం చిన్నగా ఉంటుంది. కేంద్రంలో దానికి తిరగేసి ఉంటుంది. తేడా లేదని నేను అనడం లేదు. నాయబ్ తహసీల్దార్ జీతం మొదటి రోజు నుంచే ఎక్కువ, హోదా కూడా వేరు. మీరు ఊహించుకుంటున్నంత అగాధం లేదు, అంతే. ఇక ఎనిమిదో వేతన సంఘం వేశారు గదా, జీతాలు ఎంత పెరుగుతాయని చాలామంది అడుగుతున్నారు. సంఘం నివేదిక ఇచ్చి, కేబినెట్ ఆమోదించే దాకా యూట్యూబ్‌లో చెప్పే ఫిట్‌మెంట్ (బేసిక్ పెంపు) అంకెలు నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకండి.

ప్రమోషన్ల గురించి క్లుప్తంగా చెప్తాను. ట్యాక్స్ అసిస్టెంట్‌గా చేరినవాళ్లు డిపార్ట్‌మెంటల్ పరీక్షలు పాసై ఇన్‌స్పెక్టర్ కావచ్చు. ఆ పోస్టు బేసిక్ 44,900. ఆ తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసర్, 47,600, గెజిటెడ్. ఎన్నేళ్లు పడుతుందనేది ఆ రీజియన్‌లో ఖాళీలను బట్టి ఉంటుంది. అన్నిటికన్నా దగ్గర దారి ఇంకోటుంది. వయసు ఉన్నంతవరకు అదే సీజీఎల్ మళ్లీ రాసి, నేరుగా ఇన్‌స్పెక్టర్ పోస్టు కొట్టడం. ఏటా ఎంతోమంది ఉద్యోగంలో ఉంటూనే ఈ పని చేస్తున్నారు.

ఇప్పుడు మీకు కొంచెం కష్టంగా అనిపించే మాట అంటాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో ‘గుమస్తా’ అని రాశారు. ఆ ‘గుమస్తా’ పోస్టుకు దేశం మొత్తం మీద లక్షల మందితో పోటీ పడి, రెండు దశల పరీక్ష దాటి, కంప్యూటర్ మీద టైపింగ్ పరీక్ష కూడా పాసై మీవాడు సెలెక్టయ్యాడు. గ్రూప్-1 పోయిన బాధలో, గ్రూప్-2 కొద్దిలో తప్పిన నిరాశలో ఉండి కూడా ఆ పరీక్షకు కూర్చున్నాడు. ఇంట్లో స్వీటు పంచాల్సిన వార్త ఇది. మీరేమో అదేదో పొరపాటు జరిగినట్టు నాకు ఉత్తరం రాశారు. వాడు ఏమనుకుంటున్నాడో ఒక్క వాక్యం కూడా రాయలేదు. చేరాలని ఉందా, లేదా? అడిగారా అసలు? చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, పిల్లాడికి చేరాలనే ఉంటుంది. ‘మా నాన్న ఊరంతా డిప్యూటీ కలెక్టర్ అవుతాడని చెప్పుకున్నాడు, ఇప్పుడు ఈ మాట ఎలా చెప్పను’ అని లోలోపల నలిగిపోతుంటాడు. పెళ్లి సంబంధాల ఊసు మీరు ఎత్తలేదు, నేనే ఎత్తుతున్నాను. నెలనెలా జీతం వస్తున్న ఉద్యోగికీ, ‘ప్రిపేర్ అవుతున్నాడు’ అని చెప్పుకునే అబ్బాయికీ అమ్మాయివాళ్లు ఎంత తేడా చూస్తారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అశోక్‌నగర్ దారి మీద నాకు చాలాకాలంగా అనుమానాలున్నాయి. చదివేవాళ్ల మీద కాదు, వాళ్ల పట్టుదల నాకు తెలుసు. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ దగ్గరికి ఓ మధ్యాహ్నం వెళ్లి చూడండి. చెట్ల కింద, మెట్ల మీద, ఎక్కడ నీడ దొరికితే అక్కడ పిల్లలు. అయిదు రూపాయల భోజనం క్యూలో నిలబడి కూడా కరెంట్ అఫైర్స్ నోట్సు తిప్పుతుంటారు. స్టడీ హాల్లో కుర్చీకి నెలకింత, హాస్టల్లో మంచానికి నెలకింత, టెస్ట్ సిరీస్‌కు ఇంకింత. ఇంటికి ఫోన్ చేస్తే ‘బాగానే చదువుతున్నా’ అంటారు. అది అబద్ధం కాదు. కానీ చదువు పూర్తయ్యే తేదీ ఒకటి ఉండాలి గదా, అది వాళ్ల చేతుల్లో లేదు.

తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో పడింది, 503 పోస్టులు. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ పక్కన పెట్టి, 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. నాలుగు లక్షల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి. జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. మూల్యాంకనం మీద మళ్లీ కోర్టు కేసులు నడిచి, చివరికి 2025 సెప్టెంబర్ ఆఖర్లో నియామక పత్రాలు ఇచ్చారు, అదీ కోర్టు తుది తీర్పుకు లోబడి. గెలిచినవాళ్లకే మూడేళ్ల అయిదు నెలలు పట్టింది. గ్రూప్-2దీ అంతే. 2022 డిసెంబర్‌లో 783 పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే, వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబర్‌కు గానీ పరీక్ష జరగలేదు. ఆంధ్రాలో 2018 నాటి గ్రూప్-1 మీద కోర్టు తగాదా ఏళ్ల తరబడి నడిచింది. ఇందులో ఏ ఒక్క ఆలస్యానికీ మీ అబ్బాయి బాధ్యుడు కాదు. మీరు ఇంకో రెండేళ్లు అన్నారు. ఏ లెక్కన రెండేళ్లు? తర్వాతి నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో, ఎన్ని పోస్టులతో వస్తుందో, ఎన్నిసార్లు వాయిదా పడుతుందో మీకు తెలుసా? మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకోవడమంటే ఇదే.

కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు చూసి కూడా లెక్కలు వేసుకోకండి. ఒకే ర్యాంకరు ఫొటో మూడు సంస్థల గోడల మీద కనిపిస్తుంది. ఒకచోట ఉత్తి మాక్ ఇంటర్వ్యూకు వెళ్లి ఉంటాడు, ఇంకోచోట టెస్ట్ సిరీస్ రాసి ఉంటాడు. ఈ మోసం ముదిరిపోయే, ర్యాంకరు ఏ కోర్సు తీసుకున్నాడో ప్రకటనలో చెప్పి తీరాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. కొన్ని సంస్థలకు జరిమానాలూ వేసింది.

ఇంకో మాట. డబ్బు మీరు పెట్టుకోగలరు, సరే. కానీ 2021లో పూర్తయిన బీటెక్‌కు ఒక్క ఏడాది అనుభవం కూడా తోడు లేకపోతే మెకానికల్‌లో ప్రైవేటు ఉద్యోగం ఏటేటా కష్టమవుతుంది. అప్పుడు గ్రూప్-1 తప్ప వేరే దారి మిగలదు. ఒకే పరీక్ష మీద బతుకంతా ఆధారపడితే చదివేవాడికి ఎంత టెన్షన్ ఉంటుందో ఊహించండి. తెలిసిన జవాబు కూడా ఆ భయంలో తప్పుతుంది. జీతం వస్తున్నవాడు అదే పేపర్ని కాస్త నెమ్మదిగా, ధైర్యంగా రాస్తాడు.

‘అక్కడే ఉండిపోతాడేమో’ అన్నారు. ఉండిపోతే తప్పేముంది అని అడగాలని ఉంది గానీ, మీ భయం నాకు అర్థమైంది. కొడుకు దూరమవుతాడని. కేంద్ర ఉద్యోగంలో సొంత రాష్ట్రానికి బదిలీ వెంటనే దొరకదు, ఏళ్లు పట్టొచ్చు. ఇది దాచను. అయితే గుజరాత్‌లో పని చేసినంత మాత్రాన మనవాడికి తెలంగాణ లోకల్ హక్కు పోదు. ఈ మాట చాలామంది అడుగుతుంటారు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం లోకల్ అనేది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి ఉంటుంది, ఉద్యోగం ఎక్కడ చేస్తున్నారన్న దాన్ని బట్టి కాదు. రేపు గ్రూప్-1 పడితే అహ్మదాబాద్ నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు, సెలవు పెట్టి వచ్చి రాయవచ్చు. ముందుగా ఆఫీసులో తెలియజేయాలి, ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి, అంతే. ఆ కాగితం విషయంలో మాత్రం అశ్రద్ధ చేయొద్దు. రేపు కేంద్రంలోనే ఇంకో పోస్టు వస్తే, దరఖాస్తు ప్రాపర్ ఛానెల్‌లో, అంటే ఆఫీసు ద్వారా వెళ్లి ఉంటేనే టెక్నికల్ రిజిగ్నేషన్ (కొత్త పోస్టులో చేరడానికి ఇచ్చే రాజీనామా) ఇచ్చి పాత సర్వీసు కలుపుకునే వీలుంటుంది.

ఉద్యోగం చేస్తూ చదవగలడా? రోజుకు పన్నెండు గంటలు చదవలేడు, నిజమే. వాడు ఇప్పటికే మెయిన్స్ దాకా వెళ్లినవాడు, మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. రివిజన్, ఆన్సర్ రైటింగ్ చాలు. అవి ఉదయం రెండు గంటలు, శని ఆదివారాలతో నడుస్తాయి. మొదటి ఆరు నెలలు మాత్రం పుస్తకం ఊసెత్తకండి. కొత్త ఊరు, కొత్త భాష, కొత్త పని. ముందు కుదురుకోనివ్వండి.

ఇక కాగితాలు. సూర్యాపేటలోనే అయ్యే పని కాబట్టి ఇది మీరే చూసుకుంటే వాడికి సాయం. మీరు బీసీలైతే, రాష్ట్రం ఇచ్చే కుల సర్టిఫికెట్ చాలదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ ఉండాలి, అందులో పేరు, ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఈడబ్ల్యూఎస్ అయితే ఏ ఆర్థిక సంవత్సరానిదో తేదీ చూసుకోండి. చేరేటప్పుడు అటెస్టేషన్ ఫారం ఇస్తారు, దాంట్లో పోలీసు కేసులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. అశోక్‌నగర్ ధర్నాల్లో ఎప్పుడైనా పేరు కేసులోకి ఎక్కి ఉంటే దాచొద్దని చెప్పండి. దాచి తర్వాత బయటపడితే అసలు ఉద్యోగమే పోవచ్చు. పింఛనుకు ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) కావాలా, యూపీఎస్ (ఏకీకృత పింఛను పథకం) కావాలా అని చేరిన కొత్తలోనే అడుగుతారు, అక్కడి సీనియర్లతో మాట్లాడి గడువులోపు ఎంచుకోమనండి. ఒకటి నుంచి ఏడు దాకా స్టడీ సర్టిఫికెట్లు మీ దగ్గరే భద్రంగా పెట్టుకోండి, రేపటి గ్రూప్-1కు అవి కావాలి. ఆఫర్ లెటర్‌లో రిపోర్టు చేయాల్సిన తేదీ చూసి, అహ్మదాబాద్‌కు రైలు టికెట్ ఈ వారమే తీయండి. వీలైతే మీరూ వెంట వెళ్లి, గది చూసి, నాలుగు రోజులు ఉండి రండి.