లారీ బీమా సంస్థ డబ్బు ఎందుకు ఇవ్వడం లేదు?

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల దగ్గర మీ బండిని వెనుక నుంచి గుద్దిన లారీ తాలూకు బీమా సంస్థను నేరుగా డబ్బు అడిగితే మిమ్మల్ని తిప్పి పంపడానికి కారణం ఇదే అయి ఉంటుంది: ఎదుటి వాహనం బీమా సొమ్ము సాధారణంగా మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ ద్వారానే వస్తుంది.

1. పోలీసు స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకోండి. లారీ నంబరు సరిచూడండి.

2. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. తప్పు మనది కాదు కదా అని సొంత బీమా సంస్థకు చెప్పరు, సర్వేయర్ (నష్టం అంచనా వేసే వ్యక్తి) చూడకముందే షెడ్డులో బండి విప్పించేస్తారు. దయచేసి అలా చేయకండి. ఈరోజే తెలియజేయండి. లారీ యజమాని కొంత డబ్బిచ్చి రాజీ కాగితం చాపితే, మరమ్మతు అంచనా చేతికి రాకుండా సంతకం పెట్టకండి.

3. సమగ్ర పాలసీ (మీ బండి నష్టానికీ వర్తించే బీమా) ఉంటే మరమ్మతు మీ సొంత బీమా ద్వారానే చేయించుకోవచ్చు, కానీ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. అది 20 నుంచి 50 శాతం వరకు ఉంటుంది, లెక్క వేసుకోండి.

4. మీ పాలసీ ఇవ్వని మిగతా నష్టానికి శ్రీకాకుళంలో న్యాయవాదిని కలిసి, ఆరు నెలల్లోపే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయండి.