మీ పేరు సంగతి సరే, అతని పేరు ఏమైంది?

మేడమ్, నాకు 29 ఏళ్లు. మాది విజయవాడ, ఉద్యోగం బెంగళూరులో. అక్కడ పరిచయమైన అబ్బాయితో ఫిబ్రవరిలో పెళ్లి. వాళ్లది కేరళలోని కొట్టాయం, సిరియన్ కాథలిక్కులు, అంటే అక్కడి పాత క్రైస్తవ శాఖ. రెండేళ్లు నానా గొడవలూ అయ్యాక ఇరువైపులా ఒప్పుకున్నారు. నేను మతం మారక్కర్లేదు, బిషప్ గారి అనుమతి వచ్చింది. ముందు వాళ్ల చర్చిలో, వారం తర్వాత మా ఊళ్లో మన పద్ధతిలో. ఇప్పుడు కాబోయే అత్తగారు కొత్త పట్టు పట్టారు. నా ఇంటిపేరు తీసేసి, పాస్‌పోర్టులో, ఆధార్‌లో నా పేరు చివర వాళ్లబ్బాయి పేరు చేర్చాలట. మా ఇంటిపేరంటే నాకు ప్రాణం. అది పోతే నేనెవరినో నాకే తెలియనట్టు అయిపోతాను. పిల్లలకి ఎవరి పేరు పెట్టాలన్నది ఇంకో టెన్షన్. నాన్నగారు మాత్రం చాలా సర్దుకుపోయారు. శుభలేఖలో అబ్బాయి బాప్టిజం పేరు బదులు వాళ్లింట్లో పిలిచే ముద్దుపేరు వేయిద్దామన్నారు. అది మనవాళ్ల పేరులాగే ఉంటుంది. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం కదా అని నేనూ సరేనన్నాను. పాపం అతనేమీ అనలేదు. అత్తగారిని ఎలా ఒప్పించాలి?

జవాబు:

మీరడిగింది రెండు ముక్కల్లో తేల్చేస్తాను. పెళ్లయిన ఆడపిల్ల పేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. పాస్‌పోర్టుకీ అక్కర్లేదు, ఆధార్‌కీ అక్కర్లేదు. భర్త పేరు అడిగిన చోట భర్త పేరు రాస్తారు, మీ పేరు మీకే ఉంటుంది. మార్చనని చెప్పండి, మార్చకండి. ఇంకో సంగతి. మనకున్నట్టు ముందు ఇంటిపేరు, వెనక మన పేరు అన్న పద్ధతి కేరళలో అందరికీ లేదు. చాలామందికి పేరు పక్కన ఉండేది తండ్రి పేరు, పెళ్లయిన ఆడవాళ్లకి భర్త పేరు. మీ అత్తగారి పేరు చివర కూడా మీ కాబోయే మామగారి పేరే ఉండి ఉంటుంది. తనకి జరిగిందే మీకూ జరగాలనుకుంటున్నారు. అందులో అవమానమేమీ లేదు, మీరు ఒప్పుకోవాల్సిన పనీ లేదు.

ఇక అసలు విషయానికొస్తాను. మీ ఉత్తరంలో పేరు పోగొట్టుకున్న మనిషి ఒకరున్నారు. మీరు కాదు, అతను. మీ పేరు మార్చమని ఇంకా అడుగుతున్నారంతే. అతని పేరు మార్చేశారు. ఆ విషయం మీరు ఎక్కడో చివర, నాన్నగారి మంచితనానికి ఉదాహరణగా రాశారు! మీ ఇంటిపేరు కోసం అరపేజీ బాధపడిన మీరు, అతను చిన్నప్పటి నుంచి మోసుకొస్తున్న పేరును ఒక్క వాక్యంలో దాటేశారు. అతనేమీ అనలేదని మీరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. నాకైతే అక్కడే భయమేసింది. పెళ్లి చెడిపోతుందేమోనని నోరు మూసుకున్న మనిషి ఎప్పటికీ అలాగే ఉంటాడని నమ్మకం పెట్టుకోకండి.

మీ నాన్నగారు సర్దుకుపోలేదమ్మా, షరతు పెట్టారు. పెళ్లికి ఒప్పుకున్నారు గానీ అల్లుణ్ని ఒప్పుకోలేదు. ఆ తేడా మీకు తెలియక కాదు. రెండేళ్ల గొడవ తర్వాత మళ్లీ ఆయన ముందు నోరు విప్పే ఓపిక లేక, తెలియనట్టు ఉన్నారు. ఆయనకి కాదని చెప్పలేకపోయిన కోపమే అత్తగారి మీదికి మళ్లింది. ఆవిడ పరాయి మనిషి, ఆవిడతో పోట్లాడటం సులువు.

సరే, ఆయన మాటే నెగ్గించి చూద్దాం. శుభలేఖలో ముద్దుపేరు వేశారు. ముహూర్తం వేళ పురోహితుడు ప్రవర చదవాలి కదా, వరుడి ముత్తాత, తాత, తండ్రి పేర్లు, గోత్రం, అదీ మైకులో. గోత్రానికి మనవాళ్లు దారి కనిపెట్టుకున్నారు. వేరే గోత్రమున్న మావయ్య ఎవరైనా వరుణ్ని దత్తత తీసుకున్నట్టు చేసి తమ గోత్రం ఇస్తారు, లేదంటే కాశ్యప గోత్రం చెప్పిస్తారు. తండ్రి పేరు దగ్గర ఏం చేస్తారు? ముందు వరసలో కూర్చున్న ఆ పెద్దమనిషికి కూడా కొత్త పేరు పెడతారా?

చర్చిలో అతను మీకు కట్టే మిన్ను, అంటే వాళ్ల తాళి, సంగతి చూడండి. పెళ్లికొడుకు వాళ్లు పెట్టే మంత్రకోడి చీరలోంచి తీసిన పోగులతో పేనిన దారానికి కడతారు, దాని మీద సిలువ ఉంటుంది. వారం తర్వాత విజయవాడలో పీటల మీద కూర్చున్నప్పుడు అది మీ మెళ్లో ఉంటుందా, తీసి అమ్మ హ్యాండ్‌బ్యాగులో పడేస్తారా? మన పద్ధతిలో ఒక పుస్తె పుట్టింటిది, ఇంకోటి అత్తింటిది. ఆ రెండో పుస్తె చేయించేది కొట్టాయంలో ఉన్న ఆవిడేగా. ఆవిడ తెచ్చిన బంగారం కావాలి, ఆవిడ పెట్టిన పేరు మాత్రం వద్దు. మీ పేరు మార్చమన్నందుకు ఆవిడ మీద కోపంగా ఉంది మీకు. శుభలేఖ సంగతి తెలిస్తే ఆవిడకి ఎంత కోపం రావాలి?

అంత దాకా ఎందుకు, హిందూ వివాహ చట్టం వర్తించాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి. మీరు మతాలు మార్చుకోవడం లేదు కాబట్టి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోండని నా సలహా. అందులో 30 రోజుల నోటీసు ఉంటుంది. ఇద్దరి పూర్తి పేర్లతో కాగితం ఆఫీసులో అందరికీ కనిపించేలా పెడతారు. అక్కడ ముద్దుపేర్లు చెల్లవు.

చెల్లి సంబంధాల గురించి మీ నాన్నగారి భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. అయితే ఒక్కటి ఆలోచించండి. రేపు చెల్లిని చూడ్డానికి వచ్చేవాళ్లు అక్క ఎవర్ని చేసుకుందో వాకబు చేయకుండా వస్తారా? మొదటే తెలిసి వచ్చినవాళ్లు తెలిసే వస్తారు. నిశ్చితార్థం అయ్యాక తెలిస్తే మీ నాన్నగారి మాట మీదే నమ్మకం పోతుంది. అప్పుడు నష్టపోయేది చెల్లే.

పిల్లల పేర్ల గురించి ఇప్పుడే మాట్లాడను. మీకు అంతకంటే ముందు చూసుకోవాల్సింది ఉంది. ఇలాంటి పెళ్లికి చర్చి అనుమతి ఇచ్చే ముందు, పుట్టే పిల్లలకి బాప్టిజం ఇప్పించి ఆ మతంలో పెంచడానికి తన శక్తికొద్దీ ప్రయత్నిస్తానని కాథలిక్కు అయినవారి దగ్గర మాట తీసుకుంటారు. ఆ సంగతి రెండోవారికీ చెప్పాలన్నది నియమం. మీకు చెప్పారా? చెబితే మీరు విన్నారా? ఉత్తరంలో దాని ఊసే లేదు. ఇంటిపేరు గడిలో ఏం రాయాలన్నది ఆ సంభాషణ తర్వాత. పెద్దవాళ్లు ఇందులో దూరితే ఎంత దాకా పోతుందో తెలుసా? భర్త పోయి, మళ్లీ పెళ్లి చేసుకున్న ఒక తెలుగు తల్లి బిడ్డకి రెండో భర్త ఇంటిపేరు పెట్టుకుంటే, మొదటి భర్త తల్లిదండ్రులతో వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆ తల్లిదేనని 2022లో కోర్టు చెప్పేసరికి బిడ్డకి పదహారేళ్లు వచ్చేశాయి.

తండ్రి మాటకి ఎదురు చెప్పకూడదనే ఇంట్లోనే నేనూ పెరిగాను. ఆ పెంపకం మీద నాకు గౌరవం ఉంది. పెద్దవాళ్ల ముందు గొంతు పెంచకపోవడం మర్యాదే. వాళ్లు ఆడమన్న అబద్ధాన్ని మన పేరు మీద అచ్చు వేయించడం మాత్రం మర్యాదలోకి రాదు. ఇన్నేళ్లొచ్చి, సొంత జీతం మీద బతుకుతూ, ఇంకా అమ్మ చేత చెప్పిస్తానంటే నేను ఒప్పుకోను. ఈ వారాంతం బస్సెక్కండి. ఆయనతో ఒంటరిగా కూర్చోండి. "నాన్నా, శుభలేఖలో అతని పేరు పూర్తిగా ఉండాలి, వాళ్ల నాన్నగారి పేరుతో సహా" అని చెప్పండి. అరుస్తారు, అరవనివ్వండి. కార్డులు వద్దంటే వద్దు, ఫోన్లో పిలుచుకుంటారు. పెళ్లికే రానంటే ఏడుపొస్తుంది, నాకు తెలుసు. అయినా మాట మార్చకండి. పెళ్లికి ఇంకా టైముంది, ఈలోపు ఆయన మెత్తబడే అవకాశం చాలా ఉంది.

వెళ్లే ముందు ఇంకో పని. "నీ పేరు తీసేయడానికి నిన్నడక్కుండా సరేనన్నాను, తప్పు చేశాను" అని అతనికి చెప్పండి. తర్వాత అత్తగారి సంగతి అతనికే వదిలేయండి. వాళ్లమ్మతో మాట్లాడాల్సింది అతనే.