వెనక చక్రం స్పోకులు ఎందుకు తెగుతున్నాయి?

ప్రశ్న: అమలాపురం నుంచి కన్యాకుమారికి సైకిల్‌పై వెళ్లాలని ఉంది. సామానుతో ధవళేశ్వరం వెళ్లొచ్చేసరికి వెనక స్పోకులు రెండు తెగాయి. చక్రం మార్చాలా?

జవాబు: రిమ్ము పగలకపోతే మార్చక్కర్లేదండీ. చక్రం తిరిగిన ప్రతిసారీ కింది స్పోకు కాస్త వదులై మళ్లీ బిగుస్తుంది. ముందే వదులుగా ఉంటే హబ్బు (చక్రం నడిమి భాగం) దగ్గరి వంపు అలిసిపోయి అక్కడే పుటుక్కుమంటుంది. అన్నీ సమంగా బిగించి, జతజతగా చేత్తో గట్టిగా నొక్కి, అప్పుడు బెండు తీయించండి. నొక్కే పని చాలామంది వదిలేస్తారు, అసలు కీలకం అదే. గేర్ల వైపు స్పోకులు సాధారణంగా పొట్టివి కాబట్టి రెండు పొడవుల్లోనూ నాలుగేసి ఉంచుకోండి. ఫ్రీవీల్ (వెనక గేర్ల పళ్లచక్రాల గుత్తి) విప్పే పనిముట్టు తప్పనిసరి; అది లేకపోతే అటువైపు కొత్త స్పోకు దూరదు. సామాను కొంత ముందు చక్రం మీదికి మార్చండి. ముందుగా పూర్తి బరువుతో సముద్రతీరాన ఉన్న అంతర్వేది వెళ్లి రండి. ఉప్పుగాలికి చైను తుప్పు పడుతుంది, రాగానే తుడిచి నూనె వేయండి.